ఆఖరి రీలు చూడనివాళ్ళం

మా మేనత్త కంట్లో శుక్లం తీయించుకుని నెలయింది. విజయనగరంలో మా ఇంట్లోనే ఉంది. నెల రోజులూ నల్లద్దాలు పెట్టుకుని, టీవీకి వీపు తిప్పి కూర్చుని, సీరియళ్ళన్నీ చెవులతోనే చూసింది. ఎవరు ఎవరికి విషం పెట్టారో నాకంటే తనకే బాగా తెలుసు. మొన్న డాక్టరు, "ఇంక మీ ఇష్టం అమ్మా, ఏదైనా చూసుకోండి" అన్నాడు. ఆవిడ ఆ మాటని వరంలా పట్టుకుంది. ఇంటికొచ్చి భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూనే నా ఫోను వైపు చూపించి, "ఒసే, ఆ మిలట్రీ సినిమా ఉంటాదేటే నీ ఫోన్లో? కొత్త కన్నుతోటి ఒక్కపాలి సూస్తాను" అంది. ఏ మిలట్రీ సినిమా అని నేను అడగలేదు. నెట్టు సరిగ్గా రావడం లేదత్తా, రేపు చూద్దాంలే అన్నాను. నెట్టు బ్రహ్మాండంగా వస్తోంది. ఆ సినిమా విషయంలో మా అత్తకి నేను చెప్పిన మొదటి అబద్ధం ఇదైతే, ఇంత రాయవలసిన పని ఉండేది కాదు.

సినిమా పేరు చెప్పను. మా జిల్లాల్లో డెబ్భై దాటిన ఆడవాళ్ళెవరినైనా అడగండి, పేరు కంటే ముందు అందులోని రైలు స్టేషను చెబుతారు. నలుపు తెలుపు సినిమా. ఒక చిన్న ఊరి స్కూల్లో పాఠాలు చెప్పే అమ్మాయి, సెలవు మీద వచ్చిన ఒక సిపాయి. వాన పడి రైలాగిపోయిన స్టేషన్లో ఒకే బెంచీ మీద ఆ చివరా ఈ చివరా కూర్చుంటారు. తెల్లవార్లూ వాళ్ళు మాట్లాడుకున్నది పది మాటలుండవు. అతను యుద్ధానికి వెళతాడు. ఆమె ఉత్తరాలు రాస్తుంది. పోస్టుమాను సైకిలు గంట వినబడగానే ఆమె చేతిలో సుద్దముక్క బోర్డు మీద ఆగిపోతుంది. పిల్లలు ఎదురుచూస్తారు, ఆమె ఎదురుచూస్తుంది, గంట దాటి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎక్కం మొదలవుతుంది. అంతే. ఏడవమని ఎవరూ చెప్పరు, హాలంతా ఏడ్చేది. ఆఖరికి యుద్ధం ఆగి, అతను అదే స్టేషన్లో దిగుతాడు, ఆమె ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొస్తుంది. అక్కడికి పదహారు రీళ్ళు. అక్కడ ఆపి ఉంటే దానికి మించిన సినిమా లేదని ఈ రోజుకీ అంటాను. ఆపలేదు. పదిహేడో రీలు ఒకటుంది.

ఆ పదిహేడో రీలుని మా వైపు చాలామంది చూడలేదు. నేను చూడకపోవడానికి కారణం రైలు. మాది గజపతినగరం. విజయనగరం కాలేజీకి రోజూ ప్యాసింజరులో వెళ్ళొచ్చే సీజన్ టికెట్ పిల్లలం పదిమందిమి ఉండేవాళ్ళం. ఇంట్లో చెప్పకుండా మ్యాట్నీకి వెళ్ళేవాళ్ళమని వేరే చెప్పక్కర్లేదు కదా. చిక్కేమిటంటే, మ్యాట్నీ వదిలే టైముకి సరిగ్గా మా సాయంత్రం బండి కూతవేసి కదిలేది. ఆ బండి తప్పితే ఇంట్లో వీపు విమానం మోతే. అందుకని క్లైమాక్సు మొదలవగానే పుస్తకాలు గుండెకి హత్తుకుని, వంగి వంగి, వెనక వాళ్ళ తిట్లు తింటూ బయటపడి స్టేషనుకి పరుగెత్తేవాళ్ళం. మూడేళ్ళ చదువులో నేను ఒక్క సినిమా ఆఖరూ చూడలేదు. మర్నాడు హాస్టలు పిల్లలు చెబితే వినేవాళ్ళం. విన్నవి చూసినట్టే చెప్పుకోవడం మా సీజన్ టికెట్ వాళ్ళందరికీ అలవాటైపోయింది. అదేమీ తప్పని మాకెవరికీ అనిపించేది కాదు. ఎందుకంటే ఊళ్ళో మా మాట కాదనడానికి ఇంకెవరూ చూసుండేవారు కాదు.

మా అత్త చూడకపోవడానికి కారణం వేరు. ఆవిడ మా నాన్నకి ఆఖరి చెల్లెలు, నాకంటే నాలుగేళ్ళే పెద్దది. నెల్లిమర్లలో కాపురం. మావయ్య మిలట్రీ. మా వైపు వీధికి ఇద్దరు ముగ్గురు మిలట్రీ వాళ్ళుండేవారు, ఇప్పటికీ ఉన్నారు. బంగ్లాదేశ్ యుద్ధం రోజులవి. రెండు నెలలుగా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు. జూటు మిల్లు దగ్గరి హాల్లో ఈ సినిమా వేశారు. హాలు మేనేజరు తమ్ముడు కూడా పటాలంలోనే ఉన్నాడట. రీళ్ళ పెట్టె రాగానే ఆయన ముందు ఒక్కడూ కూర్చుని సినిమా అంతా చూశాడు. చూసి, "ఆ ఆకరి రీలు పెట్టెలోనే ఉంచీరా, మనూరోళ్ళు సూడక్కర్నేదు" అని ఆపరేటరుతో అన్నాడు. ప్లాట్‌ఫారం సీను అవగానే ఆపి, హాలు వాళ్ళ సొంత స్లయిడు ఒకటి వేసేవారు. దాని మీద 'శుభం' అని రాసి, పక్కన రెండు పూలు. ఇదంతా నాకు చాలా ఏళ్ళ తరవాత ఆ ఆపరేటరే చెప్పాడు. ఆ రోజుల్లో నెల్లిమర్ల మొత్తానికి సిపాయి తిరిగొచ్చాడు, పెళ్ళి చేసుకున్నాడు, సుఖంగా ఉన్నాడు.

అత్త ఆ సినిమా అయిదు సార్లు చూసింది. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి వీధరుగు మీద ఉలవల చేట ఒళ్ళో పెట్టుకుని రాళ్ళేరుతూ, చుట్టూ చేరిన నలుగురాడవాళ్ళకీ కథ చెబుతోంది. పోస్టుమాను గంట కూడా నోటితోనే కొట్టింది. నేను కాలేజీ పిల్లని, కొత్త ఓణీ వేసుకుని వెళ్ళాను, ఒక్కరూ నావైపు చూడలేదు. అది నాకు కష్టంగా తోచిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. వాళ్ళు వెళ్ళాక అత్త, "మీ మావ కూడా ఇలగే వచ్చీస్తాడే. మావూరి స్టేషన్లోనే దిగుతాడు. నాను ఎదురెళ్తాను" అంది. అంతకు ముందే, ఆయన సెలవుకొస్తే చేసే మొదటి పని కూడా చెప్పింది. పెట్టె గుమ్మంలో పడేసి, తువ్వాలు భుజాన వేసుకుని, మంచినీళ్ళైనా తాగకుండా చంపావతి ఏటికి పోయి ఈత కొట్టొస్తాడట. రెజిమెంటులో ఈతకి గెలిచిన కప్పు అలమరలో ఉండేది, అత్త అందులో తాళాలూ పిన్నీసులూ వేసేది.

మా ఇంగ్లీషు మేడమ్ ఆ వారమే క్లాసులో, గొప్ప కథలన్నీ విషాదంగానే ముగుస్తాయని చెప్పింది. హాస్టలు పిల్ల ఒకతె ముందురోజే, "ఒలే, ఆకరికి హీరో సచ్చిపోతాడే, ఏడుపే ఏడుపు" అని మొదలుపెట్టింది. ఎలా అని అడిగేలోపు గంట కొట్టేశారు. ఈ రెండూ నా బుర్రలో సిద్ధంగా ఉన్నాయి. అత్త చెప్పిన కథేమో శుభంతో ముగిసింది, అంటే హాలువాడు ఏదో దాచాడన్నమాటే. "అత్తా, మీ హాలువాడు మిమ్మల్ని మోసం చేశాడు. అసలు సినిమాలో అతను చచ్చిపోతాడు" అన్నాను. ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. ఇంటి మనిషి యుద్ధంలో ఉన్న ఆడదానితో అంటున్నానని కూడా తెలుసు. అన్నాను.

ఆవిడ చేట ఆపలేదు. "యుద్దం నుంచి వచ్చీసినాడు కదేటే. ఎలా సచ్చిపోతాడు?" అంది.

అక్కడ, 'నాకు తెలీదత్తా, నేనూ ప్లాట్‌ఫారం దాకానే చూశాను' అంటే అయిపోయేది. ఇద్దరం ఒకే సినిమా చూశాం, అంగుళం తేడా లేదు. కానీ అలా అంటే నా గొప్ప ఏమవుతుంది? ఎదురుగా అలమరలో కప్పు కనిపించింది. "ఊరొచ్చిన మూడో రోజు ఏట్లో ఈతకి వెళ్ళి మునిగిపోతాడు" అన్నాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. పైకి తేలిన తువ్వాలు కూడా చెప్పాను. అత్త ఏరిన రాళ్ళని మళ్ళీ ఉలవల్లోనే పడేస్తోందని నాకు కనబడుతూనే ఉంది. "సిపాయోడు ఏట్లో ములిగి సచ్చిపోడమేటే, మరీ అన్నేయం కాపోతే" అంది. "అదే అత్తా, అదే గొప్ప కథంటే" అన్నాను. పద్దెనిమిదేళ్ళ నన్ను ఇప్పుడు నా ముందు నిలబెడితే చెంప పగలగొట్టేదాన్ని.

యుద్ధం ఆగింది. ఉత్తరం వచ్చింది, ఉత్తరం వెనకే మావయ్యా వచ్చాడు. మేమందరం వెళ్ళాం. సన్నబడ్డాడు, నల్లబడ్డాడు, ఒక్క గాయం లేదు. గుమ్మంలో పెట్టె పడేశాడు, దండెం మీది తువ్వాలు లాగి భుజాన వేసుకున్నాడు. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏటికి ఎళ్ళకు."

"ఏటయినాదే?"

"ఎళ్ళకు. అంతే."

అందరూ నవ్వారు. కొత్త పెళ్ళికూతురికి మొగుణ్ణి విడిచిపెట్టడం ఇష్టం లేదని మా అమ్మ ఎగతాళి చేసింది. మావయ్య కూడా నవ్వి, తువ్వాలు దండెం మీద వేసేశాడు. నేను మంచినీళ్ళ వంకన వంటింట్లోకి పోయాను. మూడో రోజు దాటితే భయం పోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మూడో రోజున ఆవిడ ఆయన చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. అసలు కారణం చెప్పలేదు. సినిమా చూసి భయపడ్డానంటే నలుగురూ నవ్వుతారని, పీడకల వచ్చిందని మాత్రం చెప్పింది. ఆయన పెళ్ళాం మాట కదా అని ఒట్టేశాడు. యుద్ధంలో నదులు దాటొచ్చిన మనిషి, ఇంటికి అయిదు నిమిషాల దూరంలో ఉన్న ఏట్లో మళ్ళీ కాలు పెట్టలేదు.

ఆ భయానికి ఓ గడువంటూ ఉంటే తీరిపోయేది. మూడో రోజు మూడో నెలయింది, మూడో ఏడయింది. ఆయన క్షేమంగా ఉన్న ప్రతి రోజూ అత్తకి అది తన ఒట్టు మహిమే. సెలవులకి వచ్చి వెళ్ళేవాడు, పెన్షనుతో వచ్చేశాడు, మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు. పొద్దున్నే నూతి దగ్గర బకెట్టు నీళ్ళు పోసుకుంటూ, "మీ అత్త నన్ను బకెట్లోన ఈదమంటాది" అని నవ్వించేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి చంపావతి ఒడ్డుకి పోయి, బూట్లు విప్పకుండా నిలబడి, నీళ్ళలో ఉన్న కుర్రాళ్ళకి చేతులు ఎలా వేయాలో గట్టు మీంచి అరిచి చెప్పేవాడు. ఊళ్ళో ఆయన్ని గట్టు మాస్టారు అనేవారు. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆ పేరు పెట్టించింది నేనని ఎవరికీ తెలీదు.

ఒకసారి, నేను హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరి పదేళ్ళయ్యాక, నన్ను బస్సెక్కించడానికి మావయ్య వచ్చాడు. వానలకి ఏరు నిండుగా ఉంది. ఆయన కాసేపు ఆగి చూశాడు. "నువ్వు సదువుకున్నదానివి, నీ మాట ఇంటాది. మీ అత్తకి ఓ మాట సెప్పవే. ఏటికాడకి ఎళ్తే నాకేటవుతాది? నన్నొదిలీస్తే సాలు, గట్టుకాడ మోకాల్లోతులోనే ఉంటాను" అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా బేరమాడుతున్నాడు. అలాగే మావయ్యా, చెబుతానన్నాను. బస్సొచ్చింది. ఎక్కేశాను. చెప్పాలంటే ఏరు నేనే తెచ్చి పెట్టానని చెప్పాలి. పిల్లలకి నీతి పద్యాలు చెప్పే టీచరమ్మకి అది ఎంత నామోషీ! తరవాత ఎప్పుడు వెళ్ళినా ఆయన నా మొహం వంక ఒకసారి చూసేవాడు, మళ్ళీ అడగలేదు. ఆయన అడగలేదు కదా అని నేను ఊరుకున్నాను. మూడేళ్ళ క్రితం, ఎనభై ఏళ్ళకి, తన మంచం మీదే పోయాడు.

నెట్టు వంక ఒక్కరోజే పనిచేసింది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్లోని సినిమాని టీవీలోకి ఎక్కించి, అత్తని దగ్గరగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఇన్నేళ్ళలో ఆ సినిమాని నేను ఒక్కసారైనా వెతకలేదు. ఎంత బాగుందో చెప్పలేను. ఆ వాన, ఆ బెంచీ, సుద్దముక్క ఆగిపోవడం, అన్నీ అలాగే ఉన్నాయి. అత్త ప్రతి సీనుకీ ముందే మాట అందించింది. ప్లాట్‌ఫారం వచ్చింది. ఆమె పరుగెత్తింది. "ఇక్కడే శుభం పడ్డాది. పక్కని రెండు పువ్వులుండీవి" అంది అత్త. రిమోటు నా చేతిలోనే ఉంది. ఆ మేనేజరు చేసినట్టే చేద్దామని మీట మీద వేలు పెట్టాను.

"ఉంచవే. ఆ ఏరు ఎలగుంటాదో సూస్తాను. ఇన్నేళ్ళ నుంచి సూడాలనుంది, భయమేసి సూడనేదు" అంది.

పదిహేడో రీలు నడిచింది. స్టేషను బయట ఇద్దరూ జట్కా ఎక్కుతారు. గుర్రం దేనికో బెదురుతుంది. బండి బోల్తా పడుతుంది. అతను చచ్చిపోతాడు. పది నిమిషాల ఏడుపు, మబ్బులు, వెనకనుంచి పాట, సమాప్తం. నాకు నిజంగా కోపం వచ్చింది. పదహారు రీళ్ళు ఓపిగ్గా, ఒక్క అబద్ధం లేకుండా తీసిన మనిషి, ఆఖర్న మన చేతిరుమాళ్ళ మీద నమ్మకం లేక ఒక గుర్రాన్ని తెచ్చి బెదిరించాడు. ఆ చావు యుద్ధంలోంచి రాలేదు, ఆ ఇద్దరి స్వభావాల్లోంచీ రాలేదు. ఆ పిల్ల అన్నాళ్ళు ఎదురుచూసినదాన్ని వెటకారం చేసినట్టయింది. ఇదా నేను అత్తకి గొప్ప కథని పాఠం చెప్పింది! మరో ఆలోచన కూడా వచ్చి నన్ను కుంగదీసింది. అసలు ముగింపు తెలుసుకుని అదే చెప్పి ఉంటే మావయ్య జట్కా ఎక్కకుండా ఉండేవాడు. కొన్నాళ్ళకి జట్కాలే పోయాయి. ఆయనకి ఏ లోటూ ఉండేది కాదు.

"అయిపోనాదేటే?"

"అయిపోయిందత్తా."

"మరి ఏరేదే?"

చెప్పాను. రైలు సంగతి, గంట కొట్టిన సంగతి, ఆ నలుగురాడవాళ్ళ ముందు నన్నెవరూ పట్టించుకోలేదన్న కడుపుమంట, కప్పు, తువ్వాలు, అన్నీ. బస్సు దగ్గర మావయ్య అడిగింది కూడా చెప్పాను. డెబ్భై రెండేళ్ళ మనిషిని, వెక్కిళ్ళు పెడుతూ చెప్పాను. అత్త నా మొహంలోకే చూస్తూ మొత్తం వింది.

"ఆ హాలోడు ఉన్నది కోసీసినాడు. నువ్వు లేనిది అతికీసినావు" అంది.

తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది. టీవీలో ఇంకేదో సినిమా దానంతటదే మొదలైంది, దాన్ని ఆపేశాను. అప్పుడు ఆవిడే అంది. "ఆకరి నెలలోన, మంచమ్మీదున్నప్పుడు, నన్ను పిలిసినాడే. 'ఇంక ఏటి భయమే నీకు, నన్నొక్కపాలి ఏటికాడకి దించీమను, కాళ్ళెడతాను' అన్నాడు. ఆటో మాటాడతానని అల్లుడు కూడా అన్నాడు. నాను వొద్దన్నాను. రేపోమాపో పోయీ మనిషికి, వొద్దన్నాను."

క్షమించమని నేను అడగలేదు. క్షమించవలసిన మనిషి ఆవిడొక్కతే కాదు కదా. అబద్ధం చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. నిజం మాత్రం ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చెబుదాంలే అని యాభై ఏళ్ళు వాయిదా వేస్తూ వచ్చాను. అలా నేను దాటేసిన ఏళ్ళన్నీ నావే అనుకున్నాను గానీ, మావయ్యవి కూడా అని ఒక్కసారైనా తట్టలేదు.